ఎదురుచూపు మీ ఒక్కరిదే కాదు!

పిల్లల కోసం తపించే దంపతులు వేలల్లో ఉన్నారు. అమ్మానాన్నల కోసం చూసే పిల్లలూ ఉన్నారు. అయినా ఇద్దరూ కలవడానికి ఏళ్లు పడుతోంది. కొందరు పిల్లలకైతే ఆ రోజు రానే రావడం లేదు. కారణం పిల్లలు లేకపోవడం కాదు. మనం కోరుకునే బిడ్డ వేరు, ఎదురుచూస్తున్న బిడ్డ వేరు కావడం. దత్తత గురించి ఆలోచిస్తున్నవారు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

పెళ్లయి నాలుగైదేళ్లు దాటితే మన వైపు పలకరింపులే మారిపోతాయి. అప్పటిదాకా ‘ఏమైనా విశేషమా?’ అని అడిగినవాళ్లు ఆ తర్వాత ‘ఎక్కడ చూపించుకుంటున్నారు?’ అనడం మొదలుపెడతారు. మందులు, ఇంజెక్షన్లు, ఒకటికి మూడుసార్లు ఐవీఎఫ్. కొబ్బరితోటో, ఎకరం చేనో తాకట్టులోకి వెళ్లినవాళ్లూ లేకపోలేదు. ఇక కుదరదని తేలాక గానీ చాలామందికి దత్తత మాట గుర్తుకురాదు. వచ్చినా వెంటనే ఒక బొమ్మ కళ్లముందు కడుతుంది. నెలల పసికందు, ఏ జబ్బూ ఉండకూడదు, కాస్త మన పోలికలో ఉంటే మరీ మంచిది!

ఇలా అనుకోవడం తప్పేమీ కాదు. కానీ దేశమంతా అదే బిడ్డ కోసం వరుసలో నిలబడి ఉంది. దత్తత వ్యవహారాలను చూసే కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ (కారా) దగ్గర పేరు నమోదు చేసుకుని వేచి ఉన్నవారు 30 వేలకు పైనే. దత్తతకు చట్టపరంగా సిద్ధంగా ఉన్న పిల్లలు రెండు, మూడు వేల మధ్యే ఉంటున్నారు. 2024-25లో దేశవ్యాప్తంగా 4,515 మంది పిల్లలు దత్తత వెళ్లారు. పన్నెండేళ్లలో ఇదే అత్యధికం. అయినా ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కావాలంటే మూడేళ్లకు పైగా ఆగాల్సి వస్తోంది.

ఇటు తల్లిదండ్రులు ఇంతమంది వేచి ఉండగానే, అటు పిల్లలు శిశు గృహల్లో, బాలసదనాల్లో పెద్దవాళ్లైపోతున్నారు.

ఎవరీ పిల్లలు?

దత్తతకు సిద్ధంగా ఉండి కూడా ఇల్లు దొరకని పిల్లల్లో ఎక్కువమంది మూడు రకాల వాళ్లు.

* ఐదారేళ్లు దాటిన పిల్లలు. తెలిసీ తెలియని వయసులో తప్పిపోయినవాళ్లు, తల్లిదండ్రులిద్దరూ పోయి అయినవాళ్లు చేరదీయనివాళ్లు.

* తోబుట్టువులు. అక్కనీ తమ్ముడినీ విడదీయకూడదన్నది నియమం. ఇద్దరినీ కలిపి తీసుకునే ఇల్లు దొరకడం కష్టం.

* ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. పుట్టుకతో ఏదో ఒక లోపమో, జబ్బో ఉన్నవాళ్లు.

ఈ మూడో మాట వినగానే చాలామంది ఆ పేజీ తిప్పేస్తారు. నిజానికి ఆగి చదవాల్సింది అక్కడే. జీవితాంతం తోడు అవసరమయ్యే తీవ్ర సమస్యలున్న పిల్లలూ ఆ జాబితాలో ఉంటారు, నిజమే. వాళ్లతో పాటే గ్రహణ మొర్రి ఉన్న పాపా, పాదం వంకరగా ఉన్న బాబూ, చూపు కాస్త తక్కువైన బిడ్డా కూడా ఉంటారు. జాబితా ఒకటే గానీ వాళ్ల భవిష్యత్తు ఒకటి కాదు. ఆ తేడా చెప్పగలిగేది పిల్లల డాక్టరు.

ఆలస్యమైతే ఏమవుతుంది?

‘శిశు గృహలో తిండి పెడుతున్నారు, టీకాలు వేస్తున్నారు, చూసుకునేవాళ్లు ఉన్నారు కదా’ అనిపించవచ్చు. అవన్నీ ఉన్నా పసిబిడ్డకు అవి చాలవు. ఏడిస్తే ఎత్తుకునే చేతులు పూటకొకటి మారుతుంటే, ఏడ్చి ప్రయోజనం లేదని బిడ్డ నేర్చేసుకుంటుంది. మాట, నడక, నమ్మకం అన్నీ ఒక మనిషిని అంటిపెట్టుకునే పెరుగుతాయి.

దీన్ని గట్టిగా నిరూపించింది రొమేనియా దేశంలోని బుకారెస్ట్ నగరంలో 2000లో మొదలైన పరిశోధన. అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని కుటుంబాల్లో పెంపకానికి పంపించారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అందరినీ పరీక్షిస్తూ వచ్చారు. కుటుంబంలోకి వెళ్లిన పిల్లలు తెలివితేటల్లోనూ, మనుషులతో అనుబంధం పెంచుకోవడంలోనూ మెరుగయ్యారు. మరీ ముఖ్యంగా రెండేళ్లలోపే ఇల్లు దొరికిన పిల్లలు బాగా కోలుకున్నారు. అలాగని రెండేళ్లు దాటితే లాభం లేదని కాదు. పెద్దపిల్లలూ కోలుకుంటారు, కాకపోతే ఎక్కువ సమయం, ఎక్కువ ఓపిక కావాలి. కుటుంబం ఎప్పుడు దొరికినా బిడ్డకు మందు లాంటిదే, త్వరగా దొరికితే ఇంకా బాగా పనిచేస్తుంది.

ఆరోగ్య నివేదికను ఎలా చదవాలి?

మీకు బిడ్డ వివరాలు చూపించేటప్పుడు ఫొటోతో పాటు రెండు నివేదికలు ఇస్తారు. ఒకటి బిడ్డ నేపథ్యం గురించి, రెండోది వైద్య పరీక్షల గురించి. ఈ వైద్య నివేదికను మీకు నమ్మకమైన డాక్టరుకు చూపించుకునే హక్కు మీకుంది. కంప్యూటర్‌లో ఒక ఇంగ్లిషు పదం చూసి, దాన్ని ఇంటర్నెట్లో వెతికి, భయపడి వద్దనడం కన్నా ఆ నివేదిక పట్టుకుని పిల్లల వైద్యుడి దగ్గరకు వెళ్లడం మేలు. తరచూ కనిపించే కొన్ని మాటలకు అర్థాలివీ.

* తక్కువ బరువు, నెల తక్కువ పుట్టుక: నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఎదుగుదలను పుట్టిన రోజు నుంచి లెక్కించకూడదు. పుట్టాల్సిన రోజు నుంచి లెక్కించాలి. రెండేళ్ల వయసు దాకా ఇదే పద్ధతి. రెండు నెలల ముందు పుట్టిన బిడ్డ ఎనిమిదో నెలలో ఆరు నెలల బిడ్డలా ఉంటే అది వెనకబాటు కాదు.

* ఎదుగుదలలో ఆలస్యం: మెడ నిలపడం, కూర్చోవడం, మాటలు ఆలస్యమవడం. పలకరించేవాళ్లు లేక వచ్చిన ఆలస్యమైతే ఇంటికి వచ్చిన కొన్ని నెలల్లోనే తేడా కనిపిస్తుంది. మెదడుకు సంబంధించిన సమస్య అయితే అలా ఉండదు. తల చుట్టుకొలత, కండరాల బిగువు, చూపు, వినికిడి పరీక్షిస్తే డాక్టరుకు చాలావరకు తెలుస్తుంది.

* గ్రహణ మొర్రి, అంగిలి చీలిక: పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి ఏడాది వయసుకు అటూ ఇటూగా ఆపరేషన్ చేస్తారు. కొందరికి తర్వాత మాట స్పష్టత కోసం శిక్షణ కావాలి. చదువుకు, తెలివితేటలకు దీంతో సంబంధం లేదు.

* వంకర పాదం: పసితనంలోనే వారం వారం కట్టు మారుస్తూ సరిచేసే పొన్సెటి పద్ధతితో చాలామందికి పాదం నేరుగా వస్తుంది. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు రాత్రిళ్లు ప్రత్యేక బూట్లు వేయాలి. ఆ ఓపిక ఇంట్లోవాళ్లకే ఉంటుంది. అందుకే ఈ బిడ్డకు ఇల్లు ఎంత త్వరగా దొరికితే అంత మంచిది.

* గుండెలో రంధ్రం: చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. పెద్దవైతే చికిత్స ఉంది. ఎకో పరీక్ష రిపోర్టు అడిగి, పిల్లల గుండె వైద్యులకు చూపించండి.

* హెచ్‌ఐవీ పరీక్ష: తల్లికి హెచ్‌ఐవీ ఉంటే ఆమె యాంటీబాడీలు బిడ్డ రక్తంలో ఏడాదిన్నర దాకా ఉండొచ్చు. కాబట్టి ఆ వయసులోపు మామూలు యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన బిడ్డకు వైరస్ సోకిందని అర్థం కాదు. పీసీఆర్ పరీక్షతోనే తేలుతుంది.

* వినికిడి లోపం: ఎంత ముందుగా గుర్తిస్తే అంత మంచిది. వినికిడి యంత్రం, అవసరమైతే కాక్లియర్ ఇంప్లాంట్, ఆపై మాటల శిక్షణ. ఇక్కడ ఒక ఏడాది ఆలస్యమైనా మాటల మీద దెబ్బ పడుతుంది.

పిల్లల్లో పుట్టు లోపాలు, ఎదుగుదల సమస్యలు గుర్తించడానికి ప్రభుత్వ పరంగా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, దాని కింద డీఈఐసీ కేంద్రాలు ఉన్నాయి. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ లాంటివి అక్కడ ఉచితం. ప్రత్యేక అవసరాలున్న బిడ్డను తీసుకోవాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. జాలితో తీసుకోవద్దు, భయంతో వదులుకోవద్దు. మన ఇంటి పరిస్థితికి, మన ఊరి నుంచి ఆసుపత్రి ఎంత దూరమన్నదానికి, ఇంట్లో ఎందరు తోడుంటారన్నదానికి సరిపోతుందా అని లెక్క వేసుకుని నిర్ణయించుకోండి.

మీ మనసు సిద్ధమేనా?

చికిత్స విఫలమైన బాధ మామూలుది కాదు. పుట్టని బిడ్డ కోసం కూడా మనిషి దుఃఖపడతాడు. ఆ దుఃఖం తీరకముందే, దాన్ని మరచిపోవడానికి బిడ్డను తెచ్చుకుంటే ఆ బిడ్డ మీద మోయలేని బరువు పెట్టినట్టే. భార్యాభర్తలిద్దరూ ఒకే మాట మీద ఉన్నారా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. ‘ఆవిడ ఏడుస్తోంది కాబట్టి సరేనన్నాను’ అనే భర్త, ‘అత్తగారి నోరు మూయించడానికి’ అనుకునే భార్య ఇంకొన్నాళ్లు ఆగడం మంచిది. అవసరమైతే కౌన్సెలర్‌తో మాట్లాడండి.

అదే సమయంలో మరీ ఆలస్యం చేయకండి. దత్తతకు వయసు పరిమితి ఉంది. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతులిద్దరి వయసు కలిపి 85 ఏళ్లు దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు 100, ఆపై వయసు పిల్లలకు 110. ఒంటరిగా తీసుకునేవారికి ఇదే వరుసలో 40, 45, 50, 55. బిడ్డకూ తల్లిదండ్రులకూ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. భర్తకు 46, భార్యకు 41 అయితే మొత్తం 87. అంటే పసికందు అవకాశం దాటిపోయినట్టే, రెండేళ్లు దాటిన బిడ్డకు మాత్రం అవకాశం ఉంది. అందుకే సంతాన చికిత్స తీసుకుంటున్నప్పుడే దత్తత నియమాలు ఒకసారి చదువుకోవడం తెలివైన పని.

పెళ్లై రెండేళ్లు సజావుగా కాపురం చేస్తున్న దంపతులు, పెళ్లికాని, భర్త చనిపోయిన, విడాకులు తీసుకున్న మహిళలు కూడా దత్తత తీసుకోవచ్చు. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి మాత్రం ఆడపిల్లను ఇవ్వరు. ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నవారికి ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, ఇల్లు దొరకడం కష్టమైన పిల్లలను మాత్రమే ఇస్తారు.

దారి ఇదీ..

1. కారా వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పాన్ కార్డు, పుట్టినతేదీ, చిరునామా, ఆదాయం, పెళ్లి ధ్రువపత్రాలు, కుటుంబ ఫొటో, ప్రాణాంతక జబ్బులూ దీర్ఘకాలపు అంటువ్యాధులూ లేవని వైద్య ధ్రువపత్రం కావాలి. కంప్యూటర్ పని తెలియకపోతే మీ జిల్లా బాలల సంరక్షణ విభాగంలో సాయం చేస్తారు. ఊళ్లో అంగన్‌వాడీ టీచరును అడిగినా ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

2. సామాజిక కార్యకర్త మీ ఇంటికి వస్తారు. దీన్నే హోమ్ స్టడీ అంటారు. ఇల్లు డాబానా, పెంకుటిల్లా అని చూడటానికి కాదు ఆ రాక. బిడ్డ ఎందుకు కావాలనుకుంటున్నారు, కోపం వస్తే ఏం చేస్తారు, ఇంట్లో పెద్దలు ఏమంటున్నారు అన్నవి తెలుసుకోవడానికి. దాపరికం లేకుండా మాట్లాడండి. ఈ నివేదిక మూడేళ్లు చెల్లుతుంది.

3. మీ వంతు వచ్చినప్పుడు బిడ్డ వివరాలు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. 48 గంటల్లో మీ ఆసక్తి తెలపాలి. తర్వాత వెళ్లి బిడ్డను చూసి నిర్ణయం చెప్పాలి. పెద్దపిల్లలైతే వాళ్ల ఇష్టాన్ని కూడా అడుగుతారు. ఎవరూ ముందుకురాని పిల్లల వివరాలు వేరుగా ఉంచుతారు. హోమ్ స్టడీ పూర్తయినవారు వరుస కోసం ఆగకుండా ఆ పిల్లల కోసం ముందుకు రావచ్చు.

4. బిడ్డను ముందుగా సంరక్షణ కింద ఇంటికి పంపుతారు. ఆ తర్వాత జిల్లా కలెక్టర్ దత్తత ఉత్తర్వు ఇస్తారు. గతంలో కోర్టు ఇచ్చేది. 2021లో చట్టం సవరించాక, 2022 సెప్టెంబరు నుంచి ఆ అధికారం కలెక్టర్లకు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో మన పాత రెండు జిల్లాలు తూర్పు గోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలుగా మారాయి కాబట్టి ఇప్పుడు రాజమహేంద్రవరం వారికి రాజమహేంద్రవరంలోనే, అమలాపురం వారికి అమలాపురంలోనే కలెక్టరేట్ ఉంది.

5. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి బిడ్డ ఎలా ఉందో చూస్తారు.

రుసుములన్నీ నిబంధనల్లో ఖరారై ఉంటాయి. వాటికి మించి ఎవరు ఒక్క రూపాయి అడిగినా అది లంచమే.

అయినవాళ్ల బిడ్డను పెంచుకునే ఆచారం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. అన్న బిడ్డను తమ్ముడు, చెల్లెలి కూతురిని అక్క తెచ్చుకోవడం కొత్త కాదు. హిందువులైతే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద అది చెల్లుతుంది. కానీ ఆ చట్టంలో కొడుకు ఉన్నవారు మళ్లీ కొడుకును, కూతురున్నవారు మళ్లీ కూతురిని దత్తత తీసుకోవడానికి లేదు. ఇక శిశు గృహలోని బిడ్డను తీసుకోవడానికి మతం అడ్డు కాదు. క్రైస్తవులు, ముస్లింలు కూడా బాలల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అడ్డదారి ఎందుకు వద్దంటే..

‘మూడేళ్లు ఎవరు ఆగుతారు? ఫలానా నర్సింగ్‌హోమ్‌లో ఎవరో వద్దనుకున్న బిడ్డ ఉందట. డబ్బిస్తే ఇచ్చేస్తారట. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకుంటే చాలట’. ఇలాంటి మాట మీ చెవిన పడితే అక్కడే ఆగిపోండి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో, మళ్లీ 2001లో బయటపడిన కుంభకోణాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. లంబాడా తండాల్లో పేద తల్లుల దగ్గర ఆడశిశువులను నామమాత్రపు ధరకు కొని, దత్తత పేరుతో విదేశాలకు పంపారు. చట్టం ఇంత కట్టుదిట్టంగా తయారవడం వెనక ఇలాంటి ఎన్నో కన్నీళ్లున్నాయి. అందుకే బిడ్డను కొన్నా, అమ్మినా ఐదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బంది పాత్ర ఉంటే శిక్ష మూడు నుంచి ఏడేళ్లు. డబ్బు చేతులు మారకపోయినా, పద్ధతి ప్రకారం కాకుండా బిడ్డను తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు తప్పకపోవచ్చు.

శిక్ష సంగతి పక్కన పెట్టండి. అలా తెచ్చుకున్న బిడ్డ ఎప్పటికీ మీ బిడ్డేనన్న భరోసా ఉండదు. కన్నతల్లి నిజంగా ఇష్టపడే ఇచ్చిందా, మత్తులో ఉండగా సంతకం పెట్టించారా, బిడ్డ చనిపోయిందని చెప్పి తెచ్చారా.. మీకు తెలియదు. బడిలో చేర్పించేటప్పుడు, ఆస్తి రాసేటప్పుడు చిక్కులే. మూడేళ్లు పెంచాక పోలీసులు వచ్చి బిడ్డను తీసుకెళ్తే ఆ పసిప్రాణానికి అది రెండోసారి అనాథ కావడం.

చట్టప్రకారం దత్తత వచ్చిన బిడ్డకు ఏ లోటూ లేదు. ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి అన్ని విధాలా మీ బిడ్డే, వారసత్వంతో సహా. జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రులుగా మీ పేర్లే ఉంటాయి.

పెంచలేని తల్లికి ఒక మాట

కాలువ గట్టున, తుప్పల్లో, బస్టాండులో పసికందు దొరికిందన్న వార్త చదివినప్పుడల్లా తల్లిని తిట్టిపోస్తాం. ఆ తల్లికి మరో దారి ఉందని ఎవరూ చెప్పకపోవడమే చాలాసార్లు అసలు కారణం. మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా ఆ స్థితిలో ఉంటే ఈ నాలుగు మాటలు చెప్పండి.

బిడ్డను పెంచలేనని నేరుగా బాలల సంక్షేమ కమిటీ ముందు చెప్పి అప్పగించవచ్చు. అది నేరం కాదు. పేరు బయటకు రానివ్వరు. అప్పగించాక మనసు మారితే బిడ్డను తిరిగి తీసుకోవడానికి 60 రోజుల గడువుంటుంది. ఎవరినీ కలవలేనంత కష్టంలో ఉంటే శిశు గృహల దగ్గర, కొన్ని ఆసుపత్రుల దగ్గర ఉంచిన ఊయలలో బిడ్డను వదిలి వెళ్లవచ్చు. కాకినాడ, ఏలూరుల్లోని శిశు గృహలు ఇలాంటి బిడ్డల కోసమే ఉన్నాయి. ఏ వేళలోనైనా 1098కి ఫోన్ చేస్తే సాయం అందుతుంది. బిడ్డ దొరికితే మీరు చేయాల్సిందీ అదే. ముందు పొడిగుడ్డతో తుడిచి, వెచ్చగా చుట్టి, 1098కో 108కో ఫోన్ చేయండి. ‘దేవుడిచ్చాడు, మేమే పెంచుకుంటాం’ అని ఇంట్లో ఉంచేసుకోకండి.

దొరికిన బిడ్డ తల్లిదండ్రుల కోసం ముందు వెతుకుతారు. రెండేళ్లలోపు బిడ్డకు రెండు నెలలు, అంతకు మించిన వయసుకు నాలుగు నెలలు గడువు. ఎవరూ రాకపోతేనే దత్తతకు అర్హత ఇస్తారు. మధ్యలో ‘ఎందుకింత ఆలస్యం’ అనిపిస్తుంది గానీ, ఎక్కడో తన బిడ్డ కోసం వెతుకుతున్న తల్లి ఉందేమోనని ఆగే సమయమది.

బిడ్డ ఇంటికొచ్చాక

బిడ్డ వచ్చిన వారంలోనే ఊరందరినీ పిలిచి ఉయ్యాల వేడుక చేయాలని ఉంటుంది. కాస్త ఆగండి. కొత్త గొంతులు, కొత్త వాసనలు, కొత్త చేతులతో బిడ్డ అప్పటికే బెదిరిపోయి ఉంటుంది. మొదటి కొన్ని వారాలు స్నానం, తిండి, నిద్ర అన్నీ అమ్మానాన్నల చేతులమీదుగానే జరగాలి. అమ్మమ్మ, మామ్మ ముద్దులాడొచ్చు, కానీ ఏడిస్తే ఓదార్చేది మీరే కావాలి. ‘నా మనుషులు వీళ్లు’ అని బిడ్డ గుర్తుపట్టేది అలాగే.

* తాగుతున్న పాలు, తింటున్న తిండి ఒక్కసారిగా మార్చొద్దు. శిశు గృహలో ఏం పెట్టేవారో, ఏ వేళకు పడుకునేదో రాసుకుని రండి. బిడ్డ వాడిన దుప్పటో, బొమ్మో ఇస్తే తెచ్చుకోండి.

* మొదటి రెండు వారాల్లోనే పిల్లల డాక్టరుకు చూపించండి. బరువు, ఎత్తు, తల కొలత రాయించండి. టీకాల కార్డు చూపించి మిగిలినవి వేయించండి. రక్తహీనత, నులిపురుగులు, గజ్జి ఉన్నాయేమో చూడమనండి. గుంపుగా పెరిగిన పిల్లల్లో ఇవి మామూలే, తేలిగ్గా తగ్గిపోతాయి.

* కాస్త పెద్దపిల్లలు అన్నం దాచుకోవడం, కడుపు నిండినా తింటూనే ఉండటం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, పక్క తడపడం చేయొచ్చు. తిట్టొద్దు. అందేచోట అరటిపండో, బిస్కెట్లో ఎప్పుడూ ఉంచండి. రేపు కూడా తిండి ఉంటుందని నమ్మకం కుదిరాక దాచుకోవడం మానేస్తారు.

* కొందరు పిల్లలు మొదటి నెల మహా బుద్ధిమంతుల్లా ఉండి, తర్వాత మొండికేస్తారు. ‘ఇంత అల్లరి చేసినా ఉంచుకుంటారా?’ అని పరీక్షిస్తున్నారన్నమాట. ‘ఇలా చేస్తే మళ్లీ అక్కడే దింపేస్తాం’ అనే మాట సరదాకి కూడా అనకండి.

* బిడ్డ వచ్చాక తల్లికి సంతోషం బదులు దిగులు, నిద్రలేమి, ‘నా వల్ల కావడం లేదు’ అన్న భావన రావచ్చు. కనకపోయినా ఇది వస్తుంది. సిగ్గుపడాల్సింది లేదు, డాక్టరుతో మాట్లాడితే తగ్గుతుంది.

* ఎప్పుడు ఏ వైద్యుడు ‘ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా, ఆస్తమా ఉందా’ అని అడిగినా మీ కుటుంబ చరిత్ర చెప్పకండి. దత్తత బిడ్డ అని చెప్పి, శిశు గృహ ఇచ్చిన నివేదిక చూపించండి. తప్పు సమాచారంతో వైద్యం దారి తప్పుతుంది.

చెప్పాలా? దాచాలా?

చెప్పాలి. అదీ మీ నోటి నుంచే, చిన్నప్పటి నుంచే. మన ఊళ్లలో రహస్యమంటూ ఉండదు. వీధి వీధంతా తెలిసిన సంగతి ఆ బిడ్డ ఒక్కడికే తెలియకుండా పెరగడం ఎంత అన్యాయం! ఏదో పెళ్లిలో ఏ దూరపు చుట్టమో నోరు జారితే, పద్నాలుగేళ్ల పిల్లాడికి అది విని తగిలే దెబ్బ ‘నేను వీళ్ల కడుపున పుట్టలేదు’ అన్నది కాదు. ‘ఇన్నేళ్లూ నాకు అబద్ధం చెప్పారు’ అన్నది.

మూడు, నాలుగేళ్ల వయసులో కథలా మొదలుపెట్టండి. ‘నిన్ను కన్నమ్మ వేరే ఉంది. ఆమెకు పెంచడం కుదరలేదు. మేము నీ కోసం చాలా రోజులు చూశాం. నువ్వు వచ్చావు. ఇక ఎప్పటికీ మేమే నీ అమ్మానాన్నలం’. ఇంతే చాలు. ఏడెనిమిదేళ్లకు ‘ఎందుకు వదిలేసింది?’ అని అడుగుతారు. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదనండి. కన్నతల్లిని చెడ్డగా మాట్లాడొద్దు. కర్ణుడి కథ తెలియని ఇల్లు మనకు లేదు. తాను కుంతి కొడుకునని తెలిశాక కూడా ఆయన పెంచిన రాధను కాదనలేదు, రాధేయుడిగానే నిలిచాడు. నిజం తెలిస్తే బిడ్డ దూరమవుతుందన్న భయానికి మన భారతమే జవాబు చెప్పింది.

అనుమానాలు.. అపోహలు

* ‘ఎవరి రక్తమో, బుద్ధులు ఎలా వస్తాయో!’ జబ్బుల్లో కొన్ని వంశపారంపర్యమే. కానీ అబద్ధాలాడటం, దొంగతనం రక్తంలో రావు. ప్రవర్తనలో పెంపకం పాత్ర చాలా పెద్దది. కన్నబిడ్డల విషయంలోనూ ఏ హామీ లేదన్నది మనకు తెలిసిందే.

* ‘దత్తత తీసుకుంటే తర్వాత కడుపు పండుతుంది.’ దీనికి వైద్యపరంగా ఆధారం లేదు. అలా జరిగినవాళ్లు ఉండొచ్చు. ఆ ఆశతో మాత్రం బిడ్డను తెచ్చుకోవద్దు.

* ‘కొరివి పెట్టేవాడు, ఆస్తికి వారసుడు కావాలి.’ మన ప్రాంతంలో దత్తత చాలాకాలం ఇందుకే జరిగింది. పిఠాపురం సంస్థానంలో దత్తత వచ్చిన కొడుకుకూ, తర్వాత పుట్టిన కొడుకుకూ మధ్య వారసత్వ వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఆ కన్నకొడుకే, మహారాజా సూర్యారావు. తర్వాతి కాలంలో ఆయనే రఘుపతి వెంకటరత్నం నాయుడితో కలిసి కాకినాడలో అనాథ పిల్లల శరణాలయానికి అండగా నిలిచారు. వంశానికి బిడ్డ కావాలన్న ఆలోచన నుంచి బిడ్డకు నీడ కావాలన్న ఆలోచనకు మన గోదావరి తీరం వందేళ్ల కిందటే వచ్చింది.

* ‘పెద్దపిల్లలు కలవరు.’ సమయం పడుతుంది, అంతే. భయంగా ఉంటే ఫోస్టర్ కేర్ అనే మార్గం ఉంది. ఆరేళ్లు దాటిన, దత్తతకు వెళ్లని పిల్లలను ముందు పెంపకానికి తీసుకుని, రెండేళ్లయ్యాక అర్హత ఉంటే దత్తత కోరవచ్చు.

* ‘మాకు పిల్లలున్నారు, మాకెందుకివన్నీ?’ మీ అన్నదమ్ముల్లో, ఇరుగుపొరుగులో ఎవరో ఒకరికి ఈ సమాచారం అవసరం. ఇంకో పనీ మీరు చేయగలరు. పక్కింటి బిడ్డను ‘పెంపుడు పిల్ల’ అనడం మానేయండి. మీ పిల్లలతోనూ మాన్పించండి.

మీరు ఇప్పటికే నమోదు చేసుకుని వేచి ఉన్నవారైతే ఈ వారం ఒక పని చేయండి. దరఖాస్తులో మీరు రాసిన కోరికలు మళ్లీ ఒకసారి తెరిచి చూడండి. ‘0-2 ఏళ్లు, ఆరోగ్యవంతమైన బిడ్డ’ అని రాసి ఉంటే, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. నాలుగేళ్ల పాప అయితే మనకు కష్టమా? పెదవి ఆపరేషన్ చేయించాల్సిన బాబు అయితే? అక్కాతమ్ముళ్లు ఇద్దరూ వస్తే? వద్దనిపిస్తే వద్దు. ఫర్వాలేదనిపిస్తే ఆ ఒక్క గడి మార్చండి. మీ ఎదురుచూపు తగ్గొచ్చు, అంతకన్నా ఎక్కువ కాలంగా చూస్తున్న ఒక బిడ్డ ఎదురుచూపు తీరిపోవచ్చు.